సైన్స్ మీద నిలబడ్డ కండల ప్రోగ్రామ్‌ను ఎలా గుర్తుపట్టాలి?

తమ్ముడూ, నువ్వు అడిగినవి మూడు సంగతులు. హన్మకొండలో ఏడాదిన్నరగా జిమ్‌కు పోతున్నావు, మొదటి ఆరు నెలలు బాగా పెరిగి తర్వాత ఆగిపోయావు. ట్రైనర్ ఒకటి చెప్తున్నాడు, సీనియర్లు ఒకటి చెప్తున్నారు, ఫోన్లో ఇంకొకటి కనిపిస్తోంది. ఇందులో సైన్స్ ఎక్కడుందో ఎట్లా తెలుసుకోవాలన్నది మొదటిది. 'సైంటిఫిక్ మజిల్ ప్రోగ్రామ్' అని ఆన్‌లైన్‌లో అమ్మే పీడీఎఫ్ కొనాలా అన్నది రెండోది. భూపాలపల్లి గనిలో షిఫ్టు డ్యూటీ చేసే మీ అన్న కూడా అదే చేయొచ్చా అన్నది మూడోది. ఈ ఊళ్లోనే చాలా ఏళ్లుగా పిల్లలకు లిఫ్టింగ్ నేర్పుతున్నాను కాబట్టి మన జిమ్ముల లెక్కలోనే చెప్తాను. జవాబు పొడుగే, నిదానంగా చదువు.

మన దగ్గర ఒక కుర్రాడికి ప్రోగ్రామ్ ఎట్లా దొరుకుతుందో ముందు చూద్దాం. జిమ్ గోడ మీద అంటించిన చార్ట్ ఉంటుంది: సోమవారం చెస్ట్, మంగళవారం బ్యాక్, ఇట్లా రోజుకో కండ. లేదంటే జిమ్‌లో అందరికన్నా పెద్ద బాడీ ఉన్న అన్న దగ్గరికి పోయి "అన్నా, నువ్వేం చేస్తవో చెప్పు" అని అడుగుతాడు. కానిస్టేబుల్ ఉద్యోగానికి గ్రౌండ్‌లో ప్రాక్టీస్ చేసే స్నేహితులతో కలిస్తే వాళ్ల కసరత్తే తనదీ అవుతుంది. 1600 మీటర్ల పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్ కోసం చేసే ఆ శిక్షణ దాని పనికి అది మంచిదే, కానీ దాని లక్ష్యం కండ పెంచడం కాదు. ఇక మిగిలింది ఫోన్. ఈ దారుల్లో ఏదైనా మంచి ప్రోగ్రామ్ దగ్గరికి చేర్చవచ్చు, కానీ అది మంచిదో కాదో అది దొరికిన చోటును బట్టి తేలదు. లోపల రాసి ఉన్న అంకెలను బట్టి తేలుతుంది. బరువును ఒకసారి ఎత్తి దించితే ఒక రెప్, ఆగకుండా చేసిన కొన్ని రెప్స్ కలిస్తే ఒక సెట్. వారానికి ఒక్కో కండకు ఎన్ని సెట్లు, ఒక్కో సెట్‌ను ఎంత దూరం లాగాలి, బరువు ఎప్పుడు పెంచాలి, పెరగకపోతే ఏం మార్చాలి? ఈ నాలుగింటికీ జవాబు ఉండి, ఆ జవాబులు మళ్లీ మళ్లీ జరిగిన పరిశోధనలతో కలిస్తే, ఎవరు రాసినా అది సైన్స్ మీద నిలబడ్డ ప్రోగ్రామే.

పెద్ద బాడీ ఉన్నవాళ్ల మాట ఎందుకు రుజువు కాదో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది పడిపోయేది ఇక్కడే. 1996లో శలేందర్ భాసిన్ బృందం న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక ప్రయోగం ప్రచురించింది. ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లను నాలుగు గుంపులు చేశారు. 10 వారాల పాటు కొందరికి వారానికి 600 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్ (మగ హార్మోన్) ఇంజెక్షన్, కొందరికి ఉత్త ఇంజెక్షన్. రెండు రకాల్లోనూ సగం మంది కసరత్తు చేశారు, సగం మంది చేయలేదు. మందు లేకుండా కసరత్తు చేసినవాళ్లకు కొవ్వు లేని బరువు దాదాపు 2 కిలోలు పెరిగింది. కసరత్తు ముట్టకుండా మందు మాత్రమే తీసుకున్నవాళ్లకు 3 కిలోలు దాటింది. రెండూ చేసినవాళ్లకు 6 కిలోలు. అంటే మందు వాడే మనిషి ఏ చార్ట్ పట్టుకున్నా పెరుగుతాడు, ఆ పెరుగుదలను చూసి చార్ట్ గొప్పదనుకోవడం తప్పు లెక్క. ఆ దారి జోలికి పోవద్దని కూడా ఇక్కడే చెప్తున్నాను. బయటి నుంచి హార్మోన్ ఎక్కితే ఒంట్లో సొంతంగా తయారయ్యేది ఆగిపోతుంది, వీర్యకణాలు పడిపోతాయి. పెళ్లయ్యాక పిల్లల కోసం ఆస్పత్రుల చుట్టూ తిరిగే పరిస్థితి ఎవరికీ రావద్దు. ఇప్పటికే ఎవరైనా నీకు ఇంజెక్షన్ వేసి ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చెప్పు, దాచొద్దు.

ఇక సైన్స్ ఏమంటుందో చూద్దాం. దీని మూలం బాడీబిల్డింగ్ స్టేజీ మీద లేదు, ఆస్పత్రిలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో మోకాళ్లు, కాళ్లు దెబ్బతిన్న సైనికులకు అమెరికా సైనిక వైద్యుడు థామస్ డెలోర్మ్ బరువులతో వ్యాయామం చేయించాడు. అప్పటిదాకా అలాంటి రోగులకు తేలికపాటి కదలికలే చేయించేవాళ్లు. ఆయన మాత్రం బరువు పెట్టించి, రోగి బలం పెరిగేకొద్దీ ఆ బరువునూ పెంచుకుంటూ పోయాడు. 1945లో ఆ పద్ధతిని ప్రచురించాడు. తర్వాత ఆర్థర్ వాట్కిన్స్‌తో కలిసి దాన్ని పది రెప్స్ చొప్పున మూడు సెట్లకు కుదించాడు. మన గోడ చార్టుల్లో కనిపించే '3 సెట్లు, 10 రెప్స్' అక్కడి నుంచి వచ్చిందే. అందులో అసలు ప్రాణం బరువు క్రమంగా పెంచడం. చార్ట్‌లో సెట్లూ రెప్సూ మిగిలాయి, పెంచే సంగతి మాత్రం రాలిపోయింది. నువ్వు ఏడాదిగా బెంచ్ మీద అదే 50 కిలోలు, అవే పది రెప్స్ చేస్తున్నానని రాశావు. ఆగిపోవడానికి ఇది ఒక్కటే చాలు.

రెండో సంగతి సెట్ల లెక్క. న్యూయార్క్ లేమన్ కాలేజీలో పనిచేసే బ్రాడ్ షోన్‌ఫెల్డ్, ఆయనతోపాటు డాన్ ఓగ్‌బోర్న్, జేమ్స్ క్రీగర్ కలిసి అప్పటికి ఉన్న 15 అధ్యయనాలను ఒకచోట చేర్చి లెక్కగట్టారు, 2017లో అది అచ్చయింది. ఒక కండకు వారానికి 5 కన్నా తక్కువ సెట్లు చేసినవాళ్లకు పెరుగుదల సుమారు 5.4 శాతం, 5 నుంచి 9 సెట్లు చేసినవాళ్లకు 6.6, 10 లేదా ఎక్కువ చేసినవాళ్లకు 9.8. ఇందులో గమనించాల్సింది రెండు వైపులా ఉంది. తక్కువ సెట్లతో కూడా కండ పెరుగుతుంది. ఎక్కువ సెట్లతో ఇంకా పెరుగుతుంది, కానీ రెట్టింపు పనికి రెట్టింపు ఫలితం రాదు. కాబట్టి నీలాగా ఏడాదిన్నర చేసినవాడికి పెద్ద కండలకు వారానికి 10 సెట్ల దగ్గర మొదలుపెట్టడం సరైన చోటు. అక్కడి నుంచి అవసరమైతే పెంచుకోవచ్చు.

మరి రోజుకో కండ పద్ధతి తప్పా? తప్పని నేను అనను. వారం మొత్తం సెట్లు సమానంగా ఉంటే వాటిని ఒక రోజులో చేసినా, రెండు మూడు రోజులకు పంచినా పెరుగుదలలో పెద్ద తేడా లేదని 2019లో షోన్‌ఫెల్డ్ బృందమే చేసిన విశ్లేషణ చూపించింది. ఇబ్బంది ఆచరణలో వస్తుంది. చెస్ట్ రోజున ఐదు రకాలు, ఒక్కోటి నాలుగు సెట్లు అంటే 20 సెట్లు ఒకే పూట. పన్నెండో సెట్ దాటాక చేతుల్లో ఏముంటుందో నీకు తెలుసు. బరువు తగ్గుతుంది, ఫామ్ (ఎత్తే తీరు) చెదురుతుంది, మిగతావి లెక్క కోసం చేసే సెట్లవుతాయి. పైగా ఆ సోమవారం ఊళ్లో పెళ్లి పడిందంటే రెండు వారాల పాటు ఛాతీకి పనే ఉండదు. అవే సెట్లను రెండు రోజులకు పంచితే ప్రతి సెట్ తాజాగా ఉంటుంది, ఒక రోజు పోయినా వారం పోదు.

మూడోది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, సెట్‌ను ఎంతదాకా లాగుతున్నావన్నది. జిమ్ అలవాటున్న 160 మంది మగవాళ్లతో ఒక అధ్యయనం చేశారు, 2021లో వచ్చింది. బెంచ్ ప్రెస్‌లో మామూలుగా పది రెప్స్‌కు ఎంత బరువు పెట్టుకుంటావని ఒక్కొక్కరినీ అడిగి, అదే బరువుతో ఇక లేవనంతదాకా చేయమన్నారు. సగటున 16 రెప్స్ వచ్చాయి. అంటే వాళ్లు ప్రతి సెట్‌నూ ఇంకా ఆరు రెప్స్ మిగిలుండగానే దించేస్తున్నారు. సాయంత్రం మన జిమ్ముల్లో చూసినా ఇదే కనిపిస్తుంది. పది అయిందని రాడ్ పెట్టేస్తారు, ముఖంలో కష్టం ఉండదు. పదో రెప్ దగ్గర ఆగమని ఒంటికి ఎవరూ చెప్పలేదు, చార్ట్ చెప్పింది.

అట్లాగని ప్రతి సెట్‌నూ రాడ్ ఛాతీ మీద పడేదాకా లాగాల్సిన పని లేదు. దీని మీద మార్టిన్ రెఫాలో బృందం 2024లో ప్రచురించిన ప్రయోగం నాకు చాలా నచ్చింది, చేసిన పద్ధతి వల్ల. అనుభవం ఉన్న లిఫ్టర్లను తీసుకుని ఒక కాలితో ఫెయిల్యూర్ దాకా (ఇంకొక్క రెప్ కూడా రానంతదాకా), రెండో కాలితో ఒకటి రెండు రెప్స్ మిగిల్చి 8 వారాలు చేయించారు. ఒకే మనిషి, ఒకే తిండి, ఒకే నిద్ర. కాబట్టి తేడా వస్తే పద్ధతి వల్లే రావాలి. తొడ ముందు కండ రెండు కాళ్లలోనూ దాదాపు సమానంగా పెరిగింది. కాబట్టి స్క్వాట్, బెంచ్ లాంటి వాటిలో ఒకటి రెండు మిగిల్చి ఆపు. లెగ్ ఎక్స్‌టెన్షన్, బైసెప్ కర్ల్ లాంటి ప్రమాదం లేని వాటిలో చివరి సెట్ ఇక రానంతదాకా చేయి. అట్లా చేస్తేనే 'ఇంకా రెండున్నాయి' అనే నీ అంచనా నిజమో కాదో తెలుస్తుంది.

బరువు సంగతి త్వరగా చెప్తాను. కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో స్టూవర్ట్ ఫిలిప్స్ బృందం 2016లో లిఫ్టింగ్ అనుభవమున్న 49 మందితో 12 వారాలు చేయించింది. సగం మంది 8 నుంచి 12 రెప్స్ వచ్చే బరువుతో, సగం మంది 20 నుంచి 25 వచ్చే తేలిక బరువుతో, అందరూ ఫెయిల్యూర్ దాకా. కండ పెరుగుదల సమానంగా వచ్చింది. గరిష్ఠ బలం కావాలంటే మాత్రం భారీ బరువులే నయమని ఇతర అధ్యయనాలు కలిపి చూపిస్తున్నాయి. నీకు దీని వల్ల ఉపయోగం ఏమిటంటే, మీ జిమ్‌లో 20 కిలోలకు పైన డంబెల్స్ లేవని రాశావు కదా, ఆ 20 తోనే రెప్స్ పెంచుకుంటూ పో. కండకు నష్టం లేదు.

రెస్ట్ విషయంలో కూడా అపోహ ఉంది. నిమిషానికి మించి కూర్చుంటే పంప్ (కండ ఉబ్బి బిగుసుకున్నట్టు ఉండటం) పోతుందంటారు. 2016లో 21 మంది మీద 8 వారాలు జరిగిన ప్రయోగంలో సెట్ల మధ్య 3 నిమిషాలు ఆగినవాళ్లకు, 1 నిమిషం ఆగినవాళ్లకన్నా బలం ఎక్కువగా పెరిగింది, తొడ కండ కూడా ఎక్కువ పెరిగింది. స్క్వాట్, రోయింగ్ లాంటి పెద్దవాటికి రెండు మూడు నిమిషాలు ఆగు. సాయంత్రం రద్దీలో బెంచ్ మీద అంతసేపు కూర్చుంటే వెనకాల వాళ్లు ఊరుకోరు, నిజమే. వాళ్లతో సెట్ మార్చి సెట్ చేసుకో, ఇద్దరి రెస్ట్ సరిపోతుంది.

ఈ మధ్య ఎక్కువగా వినిపిస్తున్నది కండ సాగిన స్థితిలో శిక్షణ. జపాన్‌లో సుమియాకి మయెయో బృందం ట్రైసెప్స్ (పై చేయి వెనక కండ) మీద 12 వారాలు చేయించింది, ఒక చేయి తలపైకి ఎత్తి, ఇంకో చేయి పక్కన పెట్టి. తలపైకి ఎత్తి చేసిన చేతి ట్రైసెప్స్ సుమారు 20 శాతం, రెండోది 14 శాతం పెరిగాయి. లెగ్ కర్ల్ కూడా బోర్లా పడుకుని చేసేదానికన్నా కూర్చుని చేసే మెషిన్‌లో తొడ వెనక కండ ఎక్కువ పెరిగింది. అందుకని ట్రైసెప్స్‌కు పుష్‌డౌన్ (చేతులు పక్కన పెట్టి కిందికి నొక్కేది) ఒక్కటే చేస్తుంటే ఓవర్‌హెడ్ ఎక్స్‌టెన్షన్ (తలపైకి ఎత్తి చేసేది) కలుపు. ఇంతకు మించి దీని గురించి ఆందోళన పడొద్దు. సెట్లు, శ్రమ, బరువు పెంచడం సరిగ్గా లేనివాడికి కోణాలు మార్చినా ఏమీ కాదు.

వీడియో కింద 'స్టడీ ప్రకారం' అని కనబడితే ఎట్లా చూడాలో చెప్తాను. అధ్యయనం పేరు పట్టుకుని పబ్‌మెడ్ అనే వైద్య పరిశోధనల వెబ్‌సైట్‌లో వెతుకు, సారాంశం ఉచితంగానే ఉంటుంది, ఇంగ్లీష్ కష్టమైతే ఫోన్లోనే తెలుగులోకి మార్చుకోవచ్చు. ముందు చూడాల్సింది ఎవరి మీద చేశారన్నది. ఎప్పుడూ బరువు ఎత్తనివాళ్లకు ఏం చేయించినా పెరుగుతారు, నీ స్థితి వేరు. తర్వాత దేన్ని కొలిచారు? అల్ట్రాసౌండ్‌తోనో ఎంఆర్ఐతోనో కండ మందాన్ని కొన్ని వారాల తేడాతో కొలిస్తే అది కండ పెరుగుదల. కండలో విద్యుత్ సంకేతం ఎంత వచ్చిందని మాత్రమే చూస్తే అది పెరుగుదల కాదు, ఎంత సంకేతం వస్తే ఎంత కండ అని లెక్క లేదు. ఒక్క పూట కసరత్తు తర్వాత ప్రొటీన్ తయారీ ఎంత పెరిగిందో కొలిచినా జాగ్రత్తగానే చూడాలి. బ్రెజిల్ పరిశోధకుడు ఫెలిపె డామస్ బృందం 2016లో చూపించింది ఇదే: కొత్తగా మొదలుపెట్టిన తొలి వారంలో ఆ తయారీ చాలా ఎక్కువగా ఉంటుంది, కానీ అది చాలావరకు దెబ్బతిన్న కండను బాగుచేసుకోవడానికే పోతుంది. మరుసటి రోజు ఒళ్లు నొప్పులు వస్తేనే కండ పెరిగిందనే నమ్మకం కూడా దీనితో నిలవదు. ఆఖరున, అధ్యయనం ఒక్కటేనా, ఎన్నిటినో కలిపిన విశ్లేషణా అన్నది చూడు. ఒక్కటే అయితే గుర్తుపెట్టుకో, కానీ దాని కోసం మొత్తం ప్రోగ్రామ్ మార్చకు.

ఇవన్నీ కలిపితే నీకు నేనిచ్చేది ఇది. వారానికి నాలుగు రోజులు: సోమ, గురువారాలు పైభాగం, మంగళ, శుక్రవారాలు కిందిభాగం. పైభాగం రోజున బెంచ్ ప్రెస్ 3 సెట్లు, రోయింగ్ 3, లాట్ పుల్‌డౌన్ 3, ఇంక్లైన్ డంబెల్ ప్రెస్ 2, ఆ తర్వాత సైడ్ లాటరల్, ఓవర్‌హెడ్ ట్రైసెప్స్, బైసెప్ కర్ల్ రెండేసి. కిందిభాగం రోజున స్క్వాట్ 3, రోమేనియన్ డెడ్‌లిఫ్ట్ (రాడ్ పట్టుకుని తుంటి దగ్గర ముందుకు వంగి లేచేది) 3, లెగ్ ప్రెస్ 2, లెగ్ కర్ల్ 2, పిక్కలకు 3. వారానికి ఛాతీకి 10 సెట్లు, వీపుకు 12, తొడ ముందుకు 10, వెనక్కి 10 పడతాయి. వార్మప్ సెట్లు ఈ లెక్కలో లేవు. జిమ్‌లో గంటా పావు నుంచి గంటన్నర పడుతుంది. కాలు రోజు తప్పించుకోవడం మన పిల్లల్లో ఎక్కువ. ప్యాంటు వేసుకుంటే కనబడవు కదా అనుకోవద్దు. ఒంట్లో పెద్ద కండలు అవే.

పెంచే పద్ధతి ఇట్లా. బెంచ్‌కు 8 నుంచి 12 రెప్స్ హద్దు పెట్టుకో. 50 కిలోలతో ఈ వారం 10, 9, 8 వచ్చాయనుకో. అంతే బరువుతో వచ్చేసారి ఎక్కడైనా ఒక రెప్ ఎక్కువ రావాలని ప్రయత్నించు. మూడు సెట్లూ 12 చేరిన రోజున 52.5 కిలోలకు పో, రెప్స్ మళ్లీ తొమ్మిదికో ఎనిమిదికో దిగుతాయి, అక్కడి నుంచి మళ్లీ ఎక్కు. దీనికి 1.25 కిలోల ప్లేట్లు జత కావాలి, చాలా జిమ్ముల్లో అవి ఉండవు లేదా కనబడకుండా పోతాయి. సొంతంగా ఒక జత కొని బ్యాగులో పెట్టుకో. ఒక్కసారిగా 5 కిలోలు వేస్తే ఫామ్ పోయి భుజం నొప్పి మొదలవుతుంది.

ప్రతి సెట్‌నూ నోట్‌బుక్‌లో రాయాలి. తేదీ, బరువు, రెప్స్, ఇంకా ఎన్ని మిగిలాయనిపించింది. ఎనుమాముల మార్కెట్లో బస్తా బరువును కంటితో చూసి రాయరు, కాంటా మీద పెట్టి రాస్తారు. నీ కసరత్తుకు కాంటా ఆ నోట్‌బుక్. పరిశోధనలో వచ్చే అంకె ఒక గుంపు సగటు. ఆ గుంపులో కొందరికి చాలా ఎక్కువ పెరిగి ఉంటుంది, కొందరికి దాదాపు ఏమీ పెరిగి ఉండదు. నువ్వు అందులో ఎక్కడున్నావో ఏ పేపరూ చెప్పలేదు, నీ రాతలే చెప్పాలి. మూడు నాలుగు వారాలు ఒక వ్యాయామంలో రెప్ కూడా పెరగలేదంటే ముందు నిద్ర, తిండి చూడు. అవి బాగుంటే, కండ అలసట తీరి తాజాగా ఉన్నప్పటికీ పెరగకపోతే రెండు సెట్లు కలుపు. ఎప్పుడూ అలసటగా, కీళ్లు పట్టేసినట్టు ఉంటే ఒక వారం సెట్లు సగానికి తగ్గించు. ఏది మార్చినా ఒక్కటే మార్చు, లేకపోతే దేని వల్ల ఏం జరిగిందో తెలియదు. దీనితోపాటు వారానికి మూడు నాలుగు ఉదయాలు బరువు చూసుకుని సగటు రాయి, నెలకోసారి చేయి, తొడ, నడుము టేపుతో కొలువు. కొత్త వ్యాయామం మొదలుపెట్టిన తొలి వారాల్లో బరువులు వేగంగా పెరిగితే అదంతా కండే అనుకోకు. అందులో చాలా భాగం నరాలు ఆ కదలికను నేర్చుకోవడం వల్ల వచ్చేది.

తిండి లేకుండా ఇదంతా వృథా. 2018లో మెక్‌మాస్టర్‌కే చెందిన రాబర్ట్ మోర్టన్ బృందం 49 అధ్యయనాలు, 1863 మంది వివరాలు కలిపి చూసింది. ఒంటి బరువులో కిలోకు రోజుకు 1.6 గ్రాముల ప్రొటీన్ దాకా కండకు లాభం కనిపించింది, ఆ పైన సగటున అదనపు లాభం కనిపించలేదు. మామూలు మనిషికి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే లెక్క కిలోకు 0.83 గ్రాములు. నీ బరువు 70 కిలోలు కాబట్టి నీకు 112 గ్రాములు. నాలుగు గుడ్లకు 24 గ్రాములు, అరలీటరు పాలకు 16, పావు కిలోలో సగానికి కొంచెం ఎక్కువ బోన్‌లెస్ చికెన్, అంటే 150 గ్రాములకు 33 దాకా, ఎండు మీల్‌మేకర్ 50 గ్రాములకు 26, పూటకింత పప్పు కలిపి 50 గ్రాముల కందిపప్పుకు 11. ఇవే 110. అన్నం నుంచి వచ్చేది దీనికి అదనం. చికెన్ తినని రోజున పల్లీలు, పుట్నాలు, పెరుగు పెంచు. హాస్టల్ మెస్‌లో పలచటి పప్పు పోస్తారు, దాన్ని లెక్కలో వేసుకోకు, గదిలో గుడ్లు ఉడకబెట్టుకునే ఏర్పాటు చూసుకో. వే ప్రొటీన్ (పాల నుంచి తీసిన ప్రొటీన్ పొడి) తప్పనిసరి కాదు, తిండితో నిండనప్పుడు మాత్రమే. సప్లిమెంట్లలో గట్టి ఆధారం ఉన్నది క్రియాటిన్ మోనోహైడ్రేట్, రోజుకు 3 నుంచి 5 గ్రాములు. మూత్రపిండాల సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ముట్టొద్దు. డబ్బా మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ) 14 అంకెల లైసెన్స్ నంబర్ లేనిదేదీ కొనకు.

బతుకమ్మ, దసరాకు ఊరికి పోతే, వరి కోతలకు ఇంట్లో పిలిస్తే కండ కరిగిపోతుందేమోనని చాలామందికి టెన్షన్. ఫిన్లాండ్‌లోని యువస్కులా యూనివర్సిటీలో చేసిన ప్రయోగం 2024లో వచ్చింది. ఒక గుంపు 20 వారాలు ఆపకుండా చేసింది. ఇంకో గుంపు 10 వారాలు చేసి, 10 వారాలు పూర్తిగా మానేసి, మళ్లీ 10 వారాలు చేసింది. చివరికి రెండు గుంపుల కండా దాదాపు ఒకే చోటికి చేరింది, ఎందుకంటే తిరిగి మొదలుపెట్టాక పోయింది త్వరగా వచ్చేసింది. పండుగకు పది రోజులు పోతే హాయిగా పోయి రా. ఎండాకాలంలో రేకుల కప్పు ఉన్న జిమ్ అయితే సాయంత్రం మాని పొద్దున్నే చేయి, వేడికి రెప్స్ తగ్గితే దాన్ని వెనకబడటంగా రాసుకోకు.

ఇప్పుడు నీ రెండో ప్రశ్న. ఆ పీడీఎఫ్ అమ్మేవాళ్లను కొనేముందు ఈ నాలుగే అడుగు: వారానికి కండకు ఎన్ని సెట్లు, సెట్ ఎక్కడ ఆపాలి, బరువు ఎప్పుడు పెంచాలి, ఆగిపోతే ఏం మార్చాలి. సూటిగా చెప్తే వాళ్లకు పని తెలుసు. అప్పుడు కూడా, పైన నేను రాసిన దానికన్నా ఎక్కువ ఏమిస్తున్నారో చూసుకో. నీ వీడియోలు చూసి ఫామ్ సరిదిద్దుతూ వారం వారం నోట్‌బుక్ చూస్తామంటే ఆ పనికి డబ్బివ్వడం న్యాయమే. ఒకే కాగితాన్ని అందరికీ పంపుతూ 'కండను కన్‌ఫ్యూజ్ చేయాలి' అని వారానికోసారి వ్యాయామాలన్నీ మార్చమంటే కొనకు. వ్యాయామం మారుతూ ఉంటే బరువు పెరిగిందో లేదో పోల్చడానికే ఉండదు. '30 రోజుల్లో 8 కిలోల కండ' అనేవాళ్లకు, మందు వాడి, కసరత్తు చేసి 10 వారాల్లో 6 కిలోలు పెరిగిన ఆ 1996 ప్రయోగాన్ని చూపించు.

మీ అన్న సంగతి వేరు. గనిలో డ్యూటీ ఒళ్లు వంచి చేసే పని, పైగా షిఫ్టు మారినప్పుడల్లా నిద్ర మారుతుంది. ఆస్ట్రేలియాలో 2021లో ప్రచురించిన ఒక చిన్న ప్రయోగంలో ఒక్క రాత్రి పూర్తిగా నిద్ర లేకపోతే కండలో ప్రొటీన్ తయారీ 18 శాతం తగ్గింది. అందుకని నాలుగు రోజుల ప్రోగ్రామ్ ఆయనకు ఇవ్వకు. ఫస్ట్ షిఫ్ట్, సెకండ్ షిఫ్ట్ వారాల్లో మూడు రోజులు, ప్రతిసారీ ఒళ్లంతా: స్క్వాట్ లేదా లెగ్ ప్రెస్, బెంచ్, రోయింగ్, రోమేనియన్ డెడ్‌లిఫ్ట్, చేతులకు ఒకటి. అన్నీ మూడేసి సెట్లు. నైట్ షిఫ్ట్ వారంలో పెంచాలనే ఆలోచన మానేసి ఉన్నది నిలబెట్టుకుంటే చాలు. 2011లో స్కాట్ బికెల్ బృందం చేసిన అధ్యయనంలో 16 వారాలు వారానికి మూడు రోజులు చేసిన యువకులు, ఆ తర్వాత పనిని తొమ్మిదో వంతుకు తగ్గించినా, బరువు తగ్గించకుండా వారానికి ఒక్కసారి చేస్తూ 32 వారాలు కండను నిలుపుకున్నారు. 60 దాటినవాళ్లకు మాత్రం అది సరిపోలేదు. మీ అన్నకు ముప్పై అని రాశావు కాబట్టి నైట్ షిఫ్ట్ వారంలో ఒక్కసారి పోతే చాలు, డ్యూటీ దిగి పడుకుని లేచాక సాయంత్రం. డ్యూటీ దిగిన వెంటనే నిద్ర ఆపుకుని జిమ్‌కు పోవద్దని చెప్పు. నడుము నొప్పి ఇదివరకే ఉందన్నావు, డెడ్‌లిఫ్ట్ మొదలుపెట్టేముందు ఒకసారి డాక్టర్‌కు చూపించమను. అప్పటిదాకా దాని బదులు లెగ్ కర్ల్ చేయిస్తే సరిపోతుంది.